విండోస్ డిస్కు బీరువాలో పెట్టి మొదలుపెట్టండి

ప్రశ్న: బ్యాంకులో క్లర్కుగా చేరి ఆఫీసరుగా రిటైరయ్యాను. మల్కాజిగిరిలో ఉంటాం. 90ల్లో మా బ్రాంచి కంప్యూటర్లలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఉండేది. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు, పొద్దున రాగానే లాగిన్ అవడం అన్నీ గుర్తున్నాయి. సాయంత్రం డే ఎండ్ అయ్యాక టేపు మీద బ్యాకప్ తీసేది నేనే. అప్పుడు చెప్పిన కమాండ్లు కొట్టడమే గానీ లోపల ఏం జరుగుతుందో తెలీదు. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి అదే యూనిక్స్ ఇంట్లో వేసుకుని సరిగ్గా నేర్చుకోవాలని ఉంది. ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. అమెరికాలో ఉన్న అల్లుడు ఉబుంటు వేసుకోమంటున్నారు. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న మేనల్లుడు "అది అసలు యూనిక్స్ కాదు, ఫ్రీబీఎస్‌డీ వేసుకో మామయ్యా" అంటాడు. మనవరాలి ఫొటోలు, పెన్షన్ కాగితాలు అందులోనే ఉన్నాయి, దాన్ని ముట్టుకుంటే ఊరుకోనని మా ఆవిడ. ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

జవాబు: సార్, ముందు మేడమ్‌గారి మాట వినండి. తర్వాత మేనల్లుడిది. అల్లుడి మాట కాదనమని ఒక పెద్దమనిషికి సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు కాబట్టి, ఆయన చెప్పింది ఎక్కడ పనికొస్తుందో తర్వాత చెబుతాను.

మేనల్లుడు అన్న ఆ "అసలు" సంగతి ముందు చూద్దాం. యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాన్ని పీడీపీ-7 అనే మిషన్ మీద మొదలుపెట్టారు. 1973లో సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాశాక ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు తీసుకెళ్లడం తేలికైంది. ఆ కోడ్ కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీకి చేరితే, అక్కడివాళ్లు బోలెడు చేర్పులు చేసి బీఎస్‌డీ పేరుతో పంచారు. యూనిక్స్ హక్కులున్న ఏటీ అండ్ టీ వైపు వాళ్లు 1992లో కోర్టుకెక్కారు. 1994లో రాజీ కుదిరింది. పేచీ ఉన్న ఫైళ్లు తీసేసి, ఆ ఖాళీలు కొత్త కోడ్‌తో నింపుకుని నిలబడ్డ కొమ్మల్లో ఒకటి మీ మేనల్లుడు చెబుతున్న ఫ్రీబీఎస్‌డీ. లినక్స్ కథ వేరు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి యూనిక్స్ కోడ్ ముట్టుకోకుండా, దానిలాగే నడిచే కెర్నెల్‌ను (ఓఎస్‌కు గుండెలాంటి భాగం) సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. అల్లుడుగారు చెప్పే ఉబుంటు ఆ కెర్నెల్ మీద కట్టిందే.

మన లెక్కలో చెప్పాలంటే ఫ్రీబీఎస్‌డీది ఆ వంశమే, ఇంటిపేరు మాత్రం లేదు. ఎందుకంటే యూనిక్స్ అన్న పేరు ట్రేడ్‌మార్కు, ఓపెన్ గ్రూప్ అనే సంస్థ చేతిలో ఉంది. పరీక్షలు పాసైతేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు. ఆపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్‌కు సర్టిఫికెట్‌తో సహా ఆ పేరు ఉంది. లినక్స్‌కు వంశమూ లేదు, ఇంటిపేరూ లేదు, నడవడిక మాత్రం అచ్చం ఆ ఇంటిదే. ఇంకో తమాషా చూడండి. 1980లో జెనిక్స్ అనే పేరుతో యూనిక్స్‌ను మార్కెట్లోకి తెచ్చింది మైక్రోసాఫ్టే. అంటే మీరు ఇప్పుడు పక్కన పెడదామనుకుంటున్న విండోస్ కంపెనీ ఒకప్పుడు యూనిక్స్ అమ్ముకుని బతికిందే.

మీరు "నేర్చుకోవాలి" అని రాశారు, "వాడుకోవాలి" అని రాయలేదు. అందుకే నా ఓటు ఫ్రీబీఎస్‌డీకి. ఉబుంటు వేస్తే పది నిమిషాల్లో రంగురంగుల డెస్క్‌టాప్ వస్తుంది, బ్రౌజర్ తెరుస్తారు, యూట్యూబ్ చూస్తారు, నేర్చుకోవాలన్న సంగతి అక్కడితో సరి. ఫ్రీబీఎస్‌డీ వేస్తే మొదటిసారి బూట్ అయ్యాక నల్ల తెర మీద లాగిన్ అని మాత్రం వస్తుంది. చాలామంది అది చూసి ఇన్‌స్టాలేషన్ ఫెయిలైందని మళ్లీ మొదటికొస్తారు. మీరు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంటారని నా నమ్మకం. పైగా కెర్నెలూ, కమాండ్లూ, వాటి మాన్యువలూ అన్నీ ఒకే బృందం ఒకేచోట తయారుచేస్తుంది కాబట్టి పుస్తకంలో ఉన్నది, తెర మీద ఉన్నది ఒకటే అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక మేడమ్‌గారి అభ్యంతరం. అది నూటికి నూరుపాళ్లు న్యాయం, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ అలాంటిది. చాలా ఏళ్ల కిందట వారాసిగూడలో అద్దెకు ఉండేవాణ్ని. ఒక పాత డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి దాని మీద ఫ్రీబీఎస్‌డీ వేద్దామని కూర్చున్నాను. రాత్రి ఒంటిగంట. ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒక పక్క, ఆ పాత డిస్కు ఇంకో పక్క. వాటితోపాటు అన్నయ్య గృహప్రవేశం ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా తగిలించే ఉంది, తీయడం మర్చిపోయాను. ఫ్రీబీఎస్‌డీ మన విండోస్‌లాగా సీ డ్రైవ్, డీ డ్రైవ్ అనదు. లోపలి సాటా డిస్కు ఏడీఏ0, యూఎస్‌బీలో తగిలించినవి డీఏ0, డీఏ1, డీఏ2 అంటుంది. డీఏ అంటే మీకు కరవు భత్యం గుర్తొస్తుంది, పెరిగితే సంతోషం. ఇక్కడ మాత్రం ఎన్ని డీఏలు పెరిగితే అంత ప్రమాదం. నా రెండు డిస్కులూ 500 జీబీవే, రెండూ ఒకే కంపెనీవి. "ఇదే చివరి అవకాశం, ఈ డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా" అని కూడా అడిగింది పాపం. నిద్రమత్తులో సరే అన్నాను. ఇన్‌స్టాలేషన్ ఒక్క తప్పు లేకుండా పూర్తయింది. తెల్లారి చూస్తే ఖాళీ డిస్కు ఖాళీగానే ఉంది. మా వదిన ఇప్పటికీ ఏ ఫంక్షన్‌లోనూ నన్ను కెమెరా దగ్గరికి రానివ్వదు.

అందుకని ఒకే డిస్కును రెండు ముక్కలు చేసి ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో యూనిక్స్ పెట్టే డ్యూయల్ బూట్ జోలికి మీరు వెళ్లొద్దు. కుర్రాళ్లు అదే చేయమంటారు. వాళ్ల దగ్గర పోవడానికి ఏమీ ఉండదు. మీరు చేయాల్సింది ఇంకా మోటు పద్ధతి. విండోస్ ఉన్న డిస్కును ల్యాప్‌టాప్ లోంచి విప్పి బయటికి తీసేయండి. దాని చోట కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టి యూనిక్స్ దాని మీద వేయండి. లోపల లేని డిస్కును ఎంత తప్పు మీట నొక్కినా పాడుచేయలేం. తీసిన డిస్కు కవర్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం మేడమ్‌గారికి ఇవ్వండి. స్ట్రాంగ్‌రూమ్ జాయింట్ కస్టడీ మీకు కొత్తేమీ కాదు కదా.

ఆ పని కూడా మొదటి రోజే వద్దు. ఒకటి రెండు వారాలు విండోస్ లోపలే వర్చువల్‌బాక్స్‌లో ఆడుకోండి. ఇది ఉచిత ప్రోగ్రామ్, కంప్యూటర్లో ఇంకో బొమ్మ కంప్యూటర్ తయారుచేసి ఇస్తుంది. మీకున్న 8 జీబీలో దానికి 2 జీబీ ర్యామ్, డిస్కులో ఒక 25 జీబీ ఇవ్వండి. అసలు మొదలే కాకపోతే బయోస్‌లోకి (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి వర్చువలైజేషన్ అనే ఆప్షన్ ఆన్ చేయాలి, చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌లో ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ వాళ్ల సైట్‌కు వెళ్తే నాలుగైదు రకాల ఫైళ్లు కనిపించి తికమక పెడతాయి. మీ ప్రాసెసర్ ఇంటెల్ అయినా సరే ఏఎండీ64 అని రాసి ఉన్నదే తీసుకోవాలి. ఆ 64 బిట్ పద్ధతిని మొదట తెచ్చింది ఏఎండీ కంపెనీ కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది. ఇంటెల్ అని వెతుక్కుంటూ వేరేది దించుకుని వారం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. వర్చువల్‌బాక్స్‌కైతే డిస్క్1 అని ఉన్న ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాలేషన్ సీడీకి నకలు లాంటిది), తర్వాత పెన్‌డ్రైవ్‌కైతే మెమ్‌స్టిక్ అని ఉన్నది.

ఇన్‌స్టాల్ అయ్యాక రీస్టార్ట్ చేస్తే మళ్లీ ఇన్‌స్టాలరే వస్తుంది. కంగారుపడొద్దు, బొమ్మ కంప్యూటర్లో ఆ ఐఎస్‌ఓ ఇంకా పెట్టే ఉంది, సెట్టింగుల్లో దాన్ని తీసేయాలి. మౌస్ ఆ కిటికీలో ఇరుక్కుపోతే కుడివైపు కంట్రోల్ కీ నొక్కితే బయటికి వస్తుంది. ఆ తర్వాత స్నాప్‌షాట్ అని ఒకటి తీసి పెట్టుకోండి. ఇక ఏం చెడగొట్టినా ఒక్క క్లిక్‌తో ఆ రోజుకు తిరిగి వెళ్లిపోవచ్చు. నిజానికి చెడగొట్టడానికే ఈ రెండు వారాలు. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) లాగిన్ అయి ఏదో ఒక సిస్టమ్ ఫైలు చెరిపి, ఏమవుతుందో చూడండి. ఆర్ఎమ్ అనే కమాండ్‌తో చెరిపింది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదని నేను రాస్తే ఒక ఎత్తు, మీ చేత్తో ఒకసారి చెరిపి చూసుకుంటే ఒక ఎత్తు. హూ (who) అని కొట్టి చూడండి. బ్రాంచిలో అయితే కౌంటర్లలో ఎవరెవరు కూర్చున్నారో వరసగా వచ్చేది, ఇక్కడ మీ ఒక్కరి పేరే వస్తుంది.

ఏ కమాండ్ గురించైనా మ్యాన్ (man) అని కొట్టి దాని పేరు కొడితే మాన్యువల్ తెరుచుకుంటుంది. బయటికి రావాలంటే క్యూ. ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, ఇంగ్లిష్‌లోనే ఉన్నా బ్యాంకు సర్క్యులర్లు చదివిన మీకు అదో లెక్క కాదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత యూనిక్స్ పుస్తకం కనబడితే వదలకండి. ముప్పై ఏళ్ల నాటి విండోస్ పుస్తకం చిత్తుకాగితాల కింద లెక్క. అదే వయసున్న యూనిక్స్ పుస్తకంలో ఫైళ్లు దిద్దడానికి, వాటిలో వెతకడానికి వాడే వీఐ, గ్రెప్, ఆక్ కమాండ్ల అధ్యాయాలు ఇవాళ్టికీ అలాగే పనిచేస్తాయి.

రెండు వారాల తర్వాత కూడా సరదా తీరకపోతే అప్పుడు డిస్కు కొనండి. ముందు బ్యాకప్. టేపు తీసిన చేయి కాబట్టి ఎలా తీయాలో చెప్పను, ఒక్కటే అడుగుతాను. కాపీ అయ్యాక తెరిచి చూస్తారా? ఫొటోల ఫోల్డరు సైజు, ఫైళ్ల సంఖ్య రెండు వైపులా టాలీ చేయండి. పెన్షన్ కాగితాల పీడీఎఫ్‌లు నాలుగైదు తెరిచి చూడండి. ఇంకో ముఖ్యమైన పని ఉంది, ఇది చాలామంది మర్చిపోతారు. విండోస్ సెట్టింగుల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి, రెండూ డిస్కుకు వేసే తాళాలే. ఉంటే రికవరీ కీ అని 48 అంకెలుంటాయి, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. అది కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే ఫ్రీబీఎస్‌డీ కోసం బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ఓఎస్‌ను మొదలవనివ్వని కాపలా) ఆపాల్సి వస్తుంది. తర్వాత విండోస్ డిస్కు తిరిగి పెట్టినప్పుడు "ఇదేదో మారింది" అని అది ఆ 48 అంకెలూ అడగొచ్చు. అప్పుడు కాగితం లేకపోతే ఫొటోలు డిస్కులోనే ఉంటాయి, కనబడవు. మేడమ్‌గారికి ఆ తేడా వివరించే పని నేను పెట్టుకోను.

డిస్కుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లండి, మీకు దగ్గరే. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకెళ్లండి. ఎందుకంటే ఎస్‌ఎస్‌డీలు రెండు ఆకారాల్లో వస్తాయి. రెండున్నర అంగుళాల సాటా డబ్బా ఒకటి, చూయింగ్ గమ్ బిళ్లలా పొడుగ్గా ఉండే ఎం.2 ఒకటి. మీ మోడల్‌కు ఏది పడుతుందో విప్పి చూస్తేనే ఖాయం. 240 లేదా 256 జీబీ దండిగా సరిపోతుంది. రెండు మూడు షాపుల్లో ధర అడిగి, వారంటీ రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. "విండోస్ కూడా వేసిచ్చేస్తాం సార్" అంటారు. వద్దు, ఖాళీగా ఇమ్మనండి. విప్పడం అక్కడే వాళ్ల చేత చేయించి పక్కన నిలబడి చూడండి, రెండోసారి మీరే చేసుకుంటారు. ఇంట్లో చేసేటప్పుడు ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి చార్జర్ పీకేయాలి. స్క్రూలు ఒక స్టీలు గిన్నెలో వేసుకోవాలి. మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి.

పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు. రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో మెమ్‌స్టిక్ ఫైలు దాని మీద రాస్తారు. రాశాక విండోస్ "ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అంటుంది. దానికి ఆ ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి) చదవడం రాదు కాబట్టి అలా అంటుంది. ఫార్మాట్ కొట్టకండి, క్యాన్సిల్ చేసి తీసేయండి. ఇన్‌స్టాలేషన్ అంతా వర్చువల్‌బాక్స్‌లో చేసినట్టే. 8 జీబీ ర్యామ్ ఉంది కాబట్టి ఈసారి డిస్కు దగ్గర జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఎంచుకోవచ్చు. యూజర్‌ని తయారుచేసేటప్పుడు వేరే గ్రూపులు కావాలా అని అడిగితే వీల్ (wheel) అని కొట్టండి, లేకపోతే ఆ యూజర్ నుంచి రూట్‌గా మారడం కుదరదు.

గడియారం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. "ఈ మిషన్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉందా" అని అడగొచ్చు. విండోస్ దాన్ని మన టైముకు పెట్టి ఉంచుతుంది, కాబట్టి మీ జవాబు కాదు. అవును అంటే పొద్దున పదింటికి ల్యాప్‌టాప్‌లో మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. సరిగ్గా అయిదున్నర గంటల తేడా కనిపించిందంటే కారణం ఇదేనని గుర్తుపట్టేయండి. టైమ్ జోన్ లిస్టులో హైదరాబాద్ కోసం వెతక్కండి, ఇండియా ఎంచుకుంటే చాలు.

ఎక్కువమంది ఆగిపోయేది వైఫై దగ్గర. ఇంటెల్ వైఫై అయితే ఫర్వాలేదు, రియల్‌టెక్, బ్రాడ్‌కామ్ చిప్పులతో తలనొప్పే. దానికోసం రాత్రులు పాడుచేసుకోవద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, హ్యాండ్‌బుక్‌లో ఆ భాగం ఉంది. నెట్ వచ్చాక పీకేజీ (pkg) అనే కమాండ్‌తో తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్‌ఆర్గ్, డెస్క్‌టాప్ ఇచ్చే ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ దించుకుంటే డెస్క్‌టాప్ తయారు. తెలుగు చోట గళ్లు గళ్లుగా కనిపిస్తే నోటో ఫాంట్ల ప్యాకేజీ వేయాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ కూడా ఉంటుంది.

ఫ్రీబీఎస్‌డీలో కుదరని పనులు కూడా ముందే చెప్పాలి. ల్యాప్‌టాప్ మూత వేసి తీస్తే తెర మళ్లీ వెలుగుతుందన్న గ్యారంటీ లేదు. ఓటీటీ సినిమాలు చాలావరకు ఆడవు, కాపీ కాకుండా ఆపే వాళ్ల తాళం ఫ్రీబీఎస్‌డీకి ఇవ్వలేదు. విచిత్రమేంటంటే నెట్‌ఫ్లిక్స్ తన వీడియోలను జనాలకు పంపే సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీదే. వండేది ఈ వంటింట్లోనే గానీ ఇక్కడ కూర్చుని తిననివ్వరు.

కాబట్టి మేడమ్‌గారు సీరియళ్లు చూసేది, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడేది ఈ ల్యాప్‌టాప్‌లోనే అయితే, పూర్తిగా దీన్ని యూనిక్స్‌కు ఇచ్చేయడం కుదరదు. ఇక్కడే అల్లుడుగారి మాట పనికొస్తుంది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. నమోదు చేసుకున్నవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించారు, అంతే. మీ ల్యాప్‌టాప్ విండోస్ 11కు పనికిరాదని తేలితే, ఇంట్లో అందరూ వాడే ఓఎస్‌గా ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ మంచి ఏర్పాటు. వైఫై, వీడియో కాల్, ప్రింటర్ చాలావరకు వాటంతటవే పనిచేస్తాయి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకునే సౌకర్యం కూడా ఉంది. లినక్స్ విషయంలో మనుషుల సాయం కావాలంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లున్నారు. మీ యూనిక్స్ మాత్రం వర్చువల్‌బాక్స్‌లోనో, వేరే ఎస్‌ఎస్‌డీలోనో మీ సొంతంగా ఉండనివ్వండి.

ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ రాయండి. రాసేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ నంబరు, ఫ్రీబీఎస్‌డీ వెర్షన్, తెర మీద చివరి నాలుగు లైన్ల ఫొటో పంపండి. కౌంటర్ దగ్గరికొచ్చి "సార్, నా డబ్బు పడలేదు" అని మాత్రం చెప్పే కస్టమర్‌ని మీరు ఏమేం అడిగేవారో, అవన్నీ.